గంగోత్రి నేషనల్ పార్కులో పరిశోధనకు గ్రాంట్ అడుగుతూ మీరు పంపిన ప్రపోజల్ 'ఫీల్డ్ అనుమతి స్పష్టత లేదు' అని రెండుసార్లు వెనక్కి వచ్చిందన్నారు కదా

సమస్య మీ సైన్స్‌లో ఉన్నట్టు లేదు, జతచేసిన కాగితంలో ఉంది. మీరు పెట్టింది గోముఖ్ (గంగోత్రి హిమానీనదం చివర) ట్రెక్కింగ్ పాస్. దాంతో నడవొచ్చు గానీ, రీసెర్చ్ చేయడానికి కుదరదు.

1. నేషనల్ పార్కులో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 కింద ఉత్తరాఖండ్ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. చాలామంది గ్రాంట్ వచ్చాక చూద్దాంలే అనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఇప్పుడే దరఖాస్తు పెట్టి, అందినట్టు ముద్ర వేసిన కాపీని ప్రపోజల్‌కు జతచేయండి. లేఖ మీ పేరున కాకుండా, రిజిస్ట్రార్ సంతకంతో యూనివర్సిటీ నుంచి వెళ్తే మంచిది.

2. ఆ దరఖాస్తులో ఎక్కడ, ఏ నెలల్లో, ఎంతమంది, ఏ పరికరాలు అన్నీ రాయండి. మంచు, మట్టి, మొక్కల శాంపిల్స్ తీస్తే అదీ విడిగా చెప్పండి. గోముఖ్ దారిలోని భోజ్‌బాసాలో రాత్రి మకాం ఉంటే దాచకండి.

3. టైమ్‌లైన్‌లో జనవరి ఫీల్డ్‌వర్క్ తీసేయండి. చలికాలం పార్క్ మూసే ఉంటుంది. ఆ నెలలకు శాటిలైట్ డేటా పని పెట్టుకోండి, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ పోర్టల్ ఉండనే ఉంది.

బడ్జెట్‌లో పోర్టర్ల కూలీ మర్చిపోయినట్టున్నారు, అదీ కలపండి.