కాటా దగ్గర నిలబడబోయే మేనల్లుడికి

అల్లుడూ,

అస్సలాము అలైకుమ్. సోమవారం నుంచి మిర్చి యార్డులో గుమస్తాగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. అదే యార్డులో ముప్పై ఏళ్లు కాటా చీటీలు రాసినవాణ్ణి, నీకు కొన్ని మాటలు చెప్పకుండా ఉండలేను.

ప్రవక్త (స) ఒకసారి ధాన్యం రాశిలో చెయ్యి పెడితే లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందన్నాడు అమ్మేవాడు. జనానికి కనపడేలా ఆ తడి గింజలు పైన పెట్టొచ్చుగా, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు ఆయన. గుంటూరులో ఈ హదీసు, అంటే ప్రవక్త చెప్పిన ఈ మాట, నీకు రోజూ ఎదురవుతుంది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, పైన ఎర్రగా మెరిసే తేజ రకం కాయ, అడుగున నీళ్లు చల్లిన తాలు. ఎండిన కాయ గుప్పిట్లో గలగలలాడుతుంది, తడి కాయ చప్పుడు చెయ్యకుండా వంగిపోతుంది. నీ చేతికి తెలిసింది తెలిసినట్టే చెప్పు, రైతు మనవాడైనా సరే.

మోసం రైతు వైపు నుంచే జరుగుతుందనుకోకు. నేను చేరిన కొత్తలో ఒక కొట్టు యజమాని, టిక్కీకి అరకిలో తగ్గించి రాయమన్నాడు. రాశాను. ఆ రోజు ఒక రైతువి నలభై టిక్కీలు, అంటే ఇరవై కిలోలు పోయాయి. ఆయన చీటీ రెండుసార్లు చూసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మడిచిన తీరు రాత్రి నిద్రలోకి కూడా వచ్చింది. తర్వాత ఖురాన్‌లో ముతఫ్ఫిఫీన్ సూరా మొదటి ఆయతులు చదివినప్పుడల్లా చెమటలు పట్టేవి. కొలతల్లో తగ్గించేవాళ్లకు వినాశం అని అక్కడ సూటిగా ఉంది. మసీదులో పెద్దాయన్ని అడిగితే, అల్లాహ్ హక్కు విషయంలో తౌబా చేసుకోవచ్చు, అంటే పశ్చాత్తాపపడి క్షమాపణ కోరవచ్చు, మనిషి హక్కు మాత్రం మనిషికే తిరిగి ఇవ్వాలన్నారు. కూడబెట్టిన డబ్బు తీసుకుని ఆ రైతు ఊరు వెళ్లాను. "లెక్క తగ్గిందని అప్పుడే తెలుసయ్యా, పిల్ల ఫీజు టెన్షన్‌లో గొడవ పెట్టుకోలేకపోయాను" అన్నాడు. వారం తిరక్కుండా ఆ కొట్టు మానేశాను. రెండు నెలలు పని లేదు. ఇల్లు గడవడం కష్టమైంది, అది నీ దగ్గర దాచను.

బహుమతుల సంగతి కూడా చెప్పాలి. రంజాన్ వచ్చిందంటే చాలు, బట్టలు కొనుక్కోమని వ్యాపారులు కవరు చేతిలో పెడతారు. ప్రవక్త (స) జకాత్ (తప్పనిసరి దానం) వసూలుకు పంపిన ఒకాయన తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు బహుమతిగా ఇచ్చారు అన్నాడు. అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఇది నీకు వచ్చేదా అని అడిగారు ప్రవక్త. కవరు అందుకునే ముందు ఆ ప్రశ్న నువ్వూ వేసుకో.

మధ్యాహ్నం జొహర్ నమాజుకు వెళ్లడం నీ హక్కు, చేరే రోజే యజమానికి చెప్పుకో. కానీ పావుగంటలో అయ్యే నమాజును టీ కొట్టు దాకా సాగదీసి గంట చెయ్యకు. ఆ మిగతా సమయానికి నువ్వు జీతం తీసుకుంటున్నావు.

జీతం తక్కువనిపిస్తే నోరు తెరిచి అడుగు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు నీ వైపే ఉంది. తక్కువిస్తున్నారు కదా అని చేతివాటానికి దిగితే మాత్రం అది అమానత్‌లో ఖియానతే, నమ్మి అప్పగించినదానికి ద్రోహమే.

ఇంకోటి, నిజాయితీ ఒక్కటే ఉంటే సరిపోదు. మద్యన్‌లో మూసా ప్రవక్త (అ)ను పనిలో పెట్టుకోమని ఒక అమ్మాయి తన తండ్రితో చెప్పినప్పుడు బలమున్నవాడు, నమ్మకస్తుడు అని రెండూ అంది. నీ పనిలో బలమంటే లెక్క. కంప్యూటర్‌లో బిల్లు వెయ్యడం త్వరగా నేర్చుకో, తెలియకపోతే తెలియదని అడుగు.

సోమవారం పెందలాడే వెళ్లు. మొదటి టిక్కీ ఎక్కించకముందే ఖాళీ కాటా సున్నా చూపిస్తుందో లేదో నీ కళ్లతో చూసుకో. రైతును కూడా పిలిచి చూపించు.

దువాలతో,
మీ మామయ్య