ఆసుపత్రి మంచాన నిమ్ము చేరకుండా

ప్రశ్న: తుంటి ఎముక విరిగిన మా అమ్మకు నెల్లూరులో ఆపరేషన్ అయింది. వెంటిలేటర్ పెట్టలేదు. అయినా నిమ్ము చేరవచ్చంటున్నారు. పక్కనుండే మేం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు నోరు చూడండమ్మా. పళ్ల మీది పాచిలో పెరిగే క్రిములు నిద్రలో ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత వచ్చే నిమ్ముకు (న్యుమోనియాకు) ఇదే ముఖ్యమైన దారి. మెత్తటి బ్రష్‌తో రోజుకు కనీసం రెండుసార్లు, పడుకోబోయే ముందు తప్పనిసరిగా, పళ్లూ నాలుకా తోమండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, శుభ్రంగా తోమి, నీళ్లలో ఉంచాలి. పళ్లు లేకపోయినా చిగుళ్లు తుడవాలి. చాలామంది వదిలేసేది ఇదే.

పడుకోబెట్టి జావ పోయడం చాలా ప్రమాదం. డాక్టరు ఒప్పుకున్నంత నిటారుగా కూర్చోబెట్టి, చెంచాడు మింగాకే మరో చెంచాడు ఇవ్వండి. తిన్నాక అరగంట అలాగే ఉంచండి. మింగేటప్పుడు దగ్గొచ్చినా, గొంతు గరగరలాడినా ఆపేసి నర్సుకు చెప్పండి.

నొప్పికి భయపడి నిండుగా ఊపిరి తీయకపోతే కఫం అడుగున నిలిచిపోతుంది. అందుకే నొప్పి మందు వేళకు పడాలి. ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల పరికరం (స్పైరోమీటర్) ఇస్తే, గొట్టంలోంచి మెల్లగా లోపలికి పీల్చాలి, ఊదకూడదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకు 10 సార్లు చాలు. డాక్టరు సరేనన్న రోజునుంచే కుర్చీలో కూర్చోబెట్టి, నడిపించండి.

పెద్దవాళ్లకు జ్వరం లేకుండానే నిమ్ము చేరవచ్చు. ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా వెంటనే డ్యూటీ డాక్టరును పిలవండి.