రిసీవర్ ఆన్ కావట్లేదా? కొత్తది కొనే ముందు టిక్కులు లెక్కపెట్టండి

బటన్ నొక్కగానే హోమ్ థియేటర్ రిసీవర్ టిక్కుమని వెలిగి, రెండు మూడు సెకన్లకే ఆరిపోయి ఎర్ర లైటు కొట్టుకుంటోంది, ఇక కొత్తది కొనడమేనా అని అడిగారు. అప్పుడే వద్దు. సరిగ్గా ఇదే జబ్బు మా రిసీవర్‌కి వస్తే, "మెయిన్ బోర్డు పోయింది, ఆ బోర్డులు ఇప్పుడు రావట్లేదు" అని మూత కూడా విప్పకుండా తేల్చేశాడు మెకానిక్. అది ఈ రోజుకీ పాడుతోంది.

ముందు ప్లగ్గు పీకి, వెనకున్న స్పీకర్ వైర్లు, హెచ్‌డీఎంఐ కేబుళ్లు, సబ్‌వూఫర్ తీగ అన్నీ తీసేయండి. ఒక్కటి కూడా ఉంచొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన పెట్టి, నేరుగా గోడ సాకెట్లో పెట్టి చూడండి. నిలబడిందంటే లోపం బయటే ఉంది. చాలాసార్లు అది స్పీకర్ వైరు చివర విడిపోయిన ఒక్క రాగి పోగు. వెంట్రుకంత ఉంటుంది, ఎర్ర టెర్మినల్ నుంచి వెళ్లి నల్లదానికి తగులుతుంది. పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి మళ్లీ బిగిస్తే సరి.

అన్నీ తీసేసినా ఆరిపోతుంటే, టీవీ, ఫ్యాను ఆపేసి చెవి పెట్టి వినండి. మామూలుగా బటన్ నొక్కగానే ఒక టిక్కు వస్తుంది, అది మెయిన్ పవర్ రిలే, అంటే కరెంటుతో తనంతట తానే పడే స్విచ్చు. కొన్ని సెకన్లకు రెండోది వస్తుంది, అది స్పీకర్ రిలే. మొదటిదే రాకపోతే స్టాండ్‌బై సప్లైని, అంటే సెట్టు ఆపి ఉన్నా లోపల కొద్దిగా కరెంటు ఇస్తూ ఉండే భాగాన్ని, అనుమానించాలి. మొదటిది వచ్చి, రెండోది రాకముందే ఆరిపోతోందంటే రెండు దారులున్నాయి. స్పీకర్లకి శబ్దాన్ని పంపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి స్పీకర్ లైను మీదకి డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వస్తుండొచ్చు. లేదా లోపల ఏదో ఒక వోల్టేజీ చాలక పడిపోతుండొచ్చు. అందరూ మొదటిది చెప్పి భయపెడతారు, రెండోదాని ఊసెత్తరు. మాది ఆ రెండోదే.

దాన్ని పట్టిచ్చింది మా అమ్మాయి. "నాన్నా, ఇది పొద్దున్నే మొరాయిస్తుంది గానీ మధ్యాహ్నం పూట ఒక్కోసారి ఒక్క నొక్కుకే వెలుగుతుంది, గమనించావా?" అంది. నేను గమనించలేదు. చలికాలం అది. ట్రాన్సిస్టర్ కాలిపోతే పొద్దునా మధ్యాహ్నమూ ఒకేలా ఉండాలి కదా! చలికి మొండికేసి వెచ్చదనానికి మాట వినేది ఎక్కువగా ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరే, అంటే కరెంటును కాసేపు దాచి వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న డబ్బాలాంటి ముక్క. లోపలి ద్రవం ఏళ్ల తరబడి వేడికి ఎండే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు మరీ పెరుగుతుంది.

మర్నాడు తెల్లవారుజామున ప్లగ్గు పీకి మూత విప్పాను. అమ్మాయి టార్చి పట్టుకుంది. స్టాండ్‌బై సప్లై ఉన్న మూలకి హెయిర్ డ్రయ్యర్‌తో, కాస్త దూరం నుంచి, రెండు నిమిషాలు వెచ్చని గాలి కొట్టాను. డ్రయ్యర్ పక్కన పెట్టి ప్లగ్గు పెట్టి నొక్కితే టిక్కు... కొంచెం ఆగి ఇంకో టిక్కు. ఆ రెండో టిక్కు వినగానే ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం.

చల్లారాక వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌తో చూస్తే సంగతి పూర్తిగా తేలింది. 5 వోల్టులు ఉండాల్సిన స్టాండ్‌బై లైను, రిలే లాగగానే 4 కంటే కిందకి జారుతోంది. ప్రాసెసర్ బతకలేక ఆగిపోతోంది. తప్పు చేసిన కెపాసిటర్ చిటికెన వేలి కొసంత ఉంది, 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులు. తల ఉబ్బలేదు కూడా, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. అంతే మైక్రోఫారడ్‌లో 25 వోల్టుల, 105 డిగ్రీల రకం తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని సోల్డర్ చేశాను. ఆ రోజు నుంచి మళ్లీ ఆగలేదు.

నాకు అసలు కోపం దీని గురించే. అంత చిన్న ముక్క కోసం పది కిలోల యంత్రాన్ని పారేయమంటారు. ఎర్ర లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటే ఏ లోపమో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, కొన్నవాడి చేతికిచ్చే పుస్తకంలో మాత్రం చాలాసార్లు ఉండదు. ఎందుకు దాచాలి? ఇక ఎవరిని అడిగినా "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి" అంటారు. ఎండిపోయిన కెపాసిటర్‌ని రీసెట్ ఏం చేస్తుంది? ఓపిగ్గా పెట్టుకున్న స్పీకర్ సెట్టింగులు మాత్రం పోతాయి. మనవైపు తప్పూ ఉంది లెండి. సెట్‌టాప్ బాక్సు తెచ్చి రిసీవర్ నెత్తిన పెడతాం. కెపాసిటర్ దగ్గర వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. పైన గాలాడే చోటు వదలండి.

మూత విప్పేవారు ఒకటి మాత్రం మరవకండి. ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్విచ్చింగ్ సప్లై (మెయిన్స్ కరెంటును నేరుగా డీసీగా మార్చి, ఆ తర్వాత వోల్టేజీ తగ్గించే రకం) ఉన్న మోడల్ అయితే 230 వోల్టుల మెయిన్స్ నుంచి వచ్చే డీసీ 325 దాకా ఉంటుంది, మనిషిని చంపగలదు. మల్టీమీటర్ వాడడం రాకపోతే మూత ముట్టుకోకుండా, తెలిసినవారి దగ్గరికి తీసుకెళ్లి "ముందు స్టాండ్‌బై వోల్టేజీ చూడండి" అని అడగండి. ఫ్యూజు మాడి ఉంటే అంతకంటే పెద్ద ఆంపియర్ ఫ్యూజు మాత్రం వేయనివ్వకండి.

వైర్లన్నీ తీశాక ఎన్ని టిక్కులు వినిపించాయో, పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఉందో లేదో కింద రాయండి. మిగతాది అక్కడి నుంచి చూద్దాం.