తడి ఆరని గుమ్మడి, మాడిపోయిన అడుగు

వంటింటి ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అక్కా, మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పిల్లల స్కూల్లో ఫాల్ పార్టీకి గుమ్మడికాయ స్కోన్లు (మైదా, వెన్నతో ఓవెన్‌లో కాల్చే చిన్న రొట్టెలు) చేద్దామని పోత ఇనుప స్కిల్లెట్, అదే పిడి ఉన్న మందపాటి పెనం, కొన్నాను. కార్న్‌బ్రెడ్‌కి (మొక్కజొన్న రొట్టెకి) చేసినట్టే ఖాళీ స్కిల్లెట్‌ని ఓవెన్‌లో 450 డిగ్రీల ఫారన్‌హీట్‌లో బాగా కాల్చి, అందులో పిండి గుండ్రంగా పరిచాను. డబ్బాలో వచ్చే గుమ్మడి గుజ్జు ఒక కప్పు వేశాను. అడుగు నల్లగా మాడింది, మధ్యలో మాత్రం పచ్చిపచ్చిగా, జిగురుగా ఉండిపోయింది. పార్టీ దగ్గరికొస్తోంది, టెన్షన్‌గా ఉంది. లోపం స్కిల్లెట్‌లోనా, నా చేతిలోనా?
– ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: స్కిల్లెట్‌లోనూ లేదు, మీ చేతిలోనూ లేదమ్మా. గుమ్మడిలోని నీళ్లతోనే వచ్చింది చిక్కంతా. డబ్బా గుజ్జులో నూటికి తొంభై వంతులు నీరే. కప్పు గుజ్జు దాదాపు 245 గ్రాములుంటుంది. అంటే రెండు కప్పుల మైదాలో మీరు సుమారు 220 గ్రాముల నీళ్లు పోసినట్టు. గుడ్డు, క్రీమ్ తడి దీనికి అదనం. ఇంత తడి చేరాక అది స్కోన్ పిండిగా ఉండదు, కేక్ పిండి దారి పడుతుంది. చాలామంది అప్పుడు పైన మైదా చల్లుకుంటూ పోతారు. దాంతో స్కోన్ ఇంకా బరువెక్కుతుంది. నీళ్లు తగ్గించాలి, పిండి పెంచకూడదు.

ముప్పావు కప్పు గుజ్జు తీసుకుని వెడల్పాటి బాణలిలో చిన్న మంట మీద కలుపుతూ ఉండండి. మొదట తుకతుకమని ఎగిరి పడుతుంది, తర్వాత సద్దుమణుగుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా అలాగే నిలవాలి. అప్పటికి 180 గ్రాముల గుజ్జు 120 గ్రాముల దగ్గరికి వస్తుంది. రంగు ముదిరి, పచ్చి వాసన పోయి, తియ్యటి వాసన మొదలవుతుంది. టైం లేకపోతే పేపర్ టవల్ మడతల మీద పలచగా పరిచి, పైన ఇంకోటి వేసి అరచేత్తో అదమండి. టవల్ తడిసి ముద్దయిన కొద్దీ మార్చండి. ఇదీ పనిచేస్తుంది, కానీ రుచికి మొదటిదే మేలు. ఎలా చేసినా గుజ్జు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా అయ్యాకే పిండిలో కలపాలి. గోరువెచ్చగా ఉన్నా సరే, వెన్న కరిగిపోతుంది.

ఇక కొలతలు. మైదా 250 గ్రాములు, చక్కెర 65 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టేబుల్‌స్పూను, ఉప్పు అర టీస్పూను, దాల్చిన చెక్క పొడి ఒక టీస్పూను, శొంఠి పొడి అర టీస్పూను, జాజికాయ పొడి పావు టీస్పూను, లవంగాల పొడి చిటికెడు. ఇవన్నీ కలిపి, గట్టిగా చల్లగా ఉన్న ఉప్పు లేని వెన్న ఒక స్టిక్, అంటే 113 గ్రాములు, ముక్కలు కోసి వేసి వేళ్ల కొసలతో నలపండి. శనగపప్పు బద్దంత వెన్న ముక్కలు పిండిలో కళ్లకి కనబడుతూనే ఉండాలి. ఓవెన్‌లో ఆ ముక్కల్లోని నీరు ఆవిరై పిండిని పొరలు పొరలుగా పైకి లేపుతుంది. పూర్తిగా నలిపేస్తే పొరలుండవు. ఆరబెట్టిన గుజ్జు, ఒక గుడ్డు, రెండు టేబుల్‌స్పూన్ల చల్లటి క్రీమ్ గిలకొట్టి అందులో పోసి, ఫోర్కుతో పైపైన కలపండి. చపాతీ పిండిలా మర్దించవద్దు. పొడిపొడిగా ఉన్నదాన్ని బల్ల మీద చేర్చి, ఒత్తి, మడిచి, మళ్లీ ఒత్తితే చాలు. అంగుళం మందాన, ఏడున్నర అంగుళాల బిళ్లగా చేసి ఎనిమిది ముక్కలు కొయ్యండి. పళ్లెంలో పెట్టి ఫ్రీజర్‌లో పావుగంట ఉంచండి.

ఇప్పుడు స్కిల్లెట్. కార్న్‌బ్రెడ్ పిండి జారుగా ఉంటుంది కాబట్టి చుర్రుమనే ఇనుము కావాలి. స్కోన్‌లో చక్కెర, గట్టి వెన్న ఉన్నాయి. 450 డిగ్రీల ఇనుము తగలగానే అడుగున వెన్న కారిపోతుంది, చక్కెర మాడుతుంది. లోపలికి వేడి చేరేలోపే అడుగు అయిపోతుంది. ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎక్కాక మాత్రం ఓ పట్టాన దిగదు. అందుకే స్కిల్లెట్‌ని మామూలుగా, వేడి చేయకుండా, వెన్న రాసి వాడండి. ముక్కల మధ్య వేలు పట్టేంత సందు వదలండి. మీరు బిళ్లని కొయ్యకుండా పరిచారని రాశారు, మధ్యలో పచ్చిగా ఉండడానికి అదీ ఒక కారణం. ఓవెన్ 400 డిగ్రీల్లో ముందే వేడెక్కి ఉండాలి, ఓవెన్ అర మధ్యలో ఉండాలి. 22 నుంచి 26 నిమిషాలు పడుతుంది. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 200 ఫారన్‌హీట్ చూపిస్తే ఉడికినట్టే. బయటికి తీశాక ఐదు నిమిషాల్లో స్కోన్లని జాలీ మీదికి మార్చాలి. స్కిల్లెట్‌లోనే వదిలేస్తే అడుగు ఇంకా కాలుతూనే ఉంటుంది. పిడికి మందపాటి పొడి గుడ్డ వాడండి. తడి గుడ్డ పట్టుకుంటే క్షణంలో ఆవిరి చేతికి తగులుతుంది.

ఇంకో మాట. షాపులో గుమ్మడి డబ్బాలు రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. మీకు కావలసింది వట్టి గుజ్జు. పక్కన ఉండే ‘పంప్‌కిన్ పై ఫిల్లింగ్’ డబ్బాలో చక్కెర, మసాలా ముందే కలిపేస్తారు. హడావుడిలో అది బుట్టలో పడితే ఈ కొలతలన్నీ తలకిందులవుతాయి.

ప్రశ్న: నమస్కారం అండీ. అమెరికా నుంచి మా అమ్మాయి వస్తూ పదింపావు అంగుళాల స్కిల్లెట్ తెచ్చింది. స్కోన్లు చేసి చూపించమంటుంది. ఇక్కడ డబ్బా గుమ్మడి దొరకదు, దొరికినా ధర ఎక్కువ. రైతు బజారులో దొరికే మన గుమ్మడికాయ పనికొస్తుందా? మాది 25 లీటర్ల ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్).
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నిక్షేపంగా పనికొస్తుందండీ. ఈ ప్రశ్నకి జవాబు రాయడం నాకు ఎంతో సంతోషం. నేనుండేది ఇల్లినాయిలోని పియోరియాలో. కాటర్‌పిల్లర్ కంపెనీ వల్ల మన తెలుగువాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు. ఊరు దాటి కాస్త దూరం వెళ్తే మోర్టన్ వస్తుంది. లిబ్బీస్ గుమ్మడి డబ్బాలు తయారయ్యే ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అమెరికాలో డబ్బాల్లోకి వెళ్లే గుమ్మడిలో చాలా భాగం పండేది మా చుట్టుపక్కల పొలాల్లోనే. ఆ పొలాల్లో కాయలు చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. హాలోవీన్ బొమ్మల్లో కనిపించే నారింజ రంగు కాయలు కావవి. లేత గోధుమ రంగు తోలు, కోలగా, బరువుగా ఉంటాయి. డికిన్సన్ అనే రకం. వృక్షశాస్త్రం ప్రకారం అది కుకుర్బిటా మోస్కాటా జాతి. మన దప్పళంలో వేసే తియ్య గుమ్మడీ ఆ జాతిదే, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా చందన్ అనే గుమ్మడి రకం కూడా అదే. హాలోవీన్‌కి కళ్లూ ముక్కూ చెక్కే కాయ వేరే జాతి, అందులో నీరూ పీచూ ఎక్కువ. మీ చేతిలో ఉన్నది డబ్బాలోని కాయకి దగ్గరి చుట్టం. నిశ్చింతగా వాడండి.

పచ్చ తోలు పోయి గోధుమ రంగు తిరిగిన ముదురు కాయ ముక్క అడగండి. లోపల కండ ముదురు నారింజ రంగులో ఉండాలి. నీళ్లలో ఉడికించవద్దు. గింజలు తీసి, తోలుతోనే, కోసిన వైపు కిందికి పెట్టి ఓటీజీలో 200 డిగ్రీల సెల్సియస్‌లో ముప్పావు గంట కాల్చండి. చెంచాతో గీరితే కండ తోలు వదిలి వచ్చేస్తుంది. మిక్సీలో నీళ్లు పోయకుండా తిప్పి, పలచటి గుడ్డలో వేసి ఓ గంట వేలాడదీయండి. ఆపైన ఫ్రిస్కో సోదరికి చెప్పిన గీత పరీక్ష ఎలాగూ ఉంది.

స్కిల్లెట్‌ని మాత్రం టేపుతో కొలవండి. పదింపావు అంగుళాలన్నది పై అంచు కొలత. పిడితో కలిపి పదహారు అంగుళాల దాకా ఉంటుంది. 25 లీటర్ల ఓటీజీలో పెడితే తలుపు పడదు. తలుపు సందు వదిలి కాల్చాలని చూడకండి, వేడి నిలవదు. రెండు చెవులున్న చిన్న ఇనుప మూకుడైనా, ఇనుప దోసె పెనమైనా పెట్టండి. దాని పిడికి చెక్కగానీ ప్లాస్టిక్‌గానీ లేకుండా చూసుకోండి.

స్కిల్లెట్‌లోనే చేసి తీరాలని అమ్మాయి పట్టుబడితే పొయ్యి మీద చేయండి. స్కాట్లాండ్‌లో స్కోన్లు కాల్చడం మొదలైంది ఇలా పెనం మీదే. పిండిని అర అంగుళం మందానికే ఒత్తి, సన్నటి మంట మీద ఒక్కో వైపు ఆరేడు నిమిషాలు, మూత పెట్టకుండా కాల్చండి. పక్కలు పచ్చిగా కనిపిస్తే నిలబెట్టి తిప్పండి. ఓవెన్‌లో లేచినంత ఎత్తు లేవవు గానీ, కరకరలాడే అడుగు వస్తుంది, దానికదే సాటి.

మీ ఊరి వేడికి వెన్న జాగ్రత్త. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, కొబ్బరి తురిమే దాంతో నేరుగా మైదాలోకి తురిమేయండి. తెల్లవారుజామున చేస్తే ఇంకా సుఖం. మామూలు ప్యాకెట్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయవద్దు. ఏలకులు వేయాలని చెయ్యి లాగుతుంది. వద్దని నా సలహా. ఏలకుల వాసన గుమ్మడిని మింగేస్తుంది, బొబ్బట్టు తిన్నట్టుంటుంది. శొంఠి, దాల్చిన చెక్క, జాజికాయ చాలు. ఇక్కడ మెకార్మిక్ కంపెనీ 1934 నుంచి ‘పంప్‌కిన్ పై స్పైస్’ అని సీసాల్లో అమ్మేదాంట్లోనూ ముఖ్యంగా ఉండేవి ఇవే, అన్నీ మీ పోపులపెట్టె పక్కనే ఉంటాయి.

ప్రశ్న: మేం గుడ్డు తినం. గుడ్డు లేకుండా వస్తాయా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వస్తాయి. గుడ్డు బదులు మూడు టేబుల్‌స్పూన్ల గట్టి పెరుగు వేయండి. పులిసిన పెరుగైతే పావు టీస్పూను వంటసోడా కలపండి. పైన క్రీమ్ రాస్తే రంగు వస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా అమ్మ మొదటిసారి కాలిఫోర్నియా వచ్చింది. నేను ఆఫీసుకి వెళ్లొచ్చేసరికి నా స్కిల్లెట్‌ని చింతపండు, స్టీల్ పీచు పెట్టి తెల్లగా తోమేసి నీళ్లు కారుతుండగా బోర్లించింది. పొద్దున్నకి ఎర్రటి తుప్పు. ఇంక పారేయాల్సిందేనా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫ్రీమాంట్

జవాబు: పారేయడమా! పోత ఇనుము తరాలు దాటుతుంది బాబూ. అమ్మని ఒక్క మాట కూడా అనకండి. ఆవిడ ఇత్తడి గిన్నెల్ని ఎంత శ్రద్ధగా తోముతుందో దీన్నీ అంతే శ్రద్ధగా తోమింది. స్కిల్లెట్ మీది నలుపు మురికి కాదు. నూనె వేడికి గట్టిపడి ఇనుముకి అతుక్కున్న పూత. చింతపండు పులుపు ఆ పూతని తినేసింది. పూత పోయిన ఇనుముకి తడి తగిలితే తుప్పు రాక మానదు.

అదే స్టీల్ పీచుతో, కాస్త సబ్బుతో తుప్పంతా పోయేదాకా రుద్దండి. కడిగి, తుడిచి, పొయ్యి మీద పెట్టి ఆఖరి చుక్క ఆవిరయ్యేదాకా ఆరనివ్వండి. లోపలా బయటా పిడికీ నూనె రాయండి. తర్వాత పొడి గుడ్డతో, అసలు నూనే రాయలేదన్నట్టు తుడిచేయండి. నూనె ఎక్కువైతే జిగట చారలు కడతాయి. ఓవెన్‌లో 450 డిగ్రీల్లో గంటసేపు బోర్లించి ఉంచి, ఓవెన్ ఆపేసి, లోపలే చల్లారనివ్వండి. రెండు మూడు విడతలు ఇలా చేస్తే నలుపు తిరిగి వస్తుంది. ఆ తర్వాత మొదట చేసే వంట వెన్న పుష్కలంగా ఉన్న స్కోన్లైతే పూతకీ మంచిది. అమ్మ చేత్తోనే పిండి కలిపించండి. చేపలు వేయించే స్కిల్లెట్ మాత్రం స్కోన్లకి వద్దు, ఆ వాసన వెన్నలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: ఆంటీ, బ్రిస్బేన్‌లో మా ఆఫీసులో మార్నింగ్ టీకి ఒకావిడ గుమ్మడికాయ స్కోన్లు తెచ్చింది. గుండ్రంగా, మెత్తగా ఉన్నాయి, దాల్చిన చెక్క వాసనే లేదు. అమెరికా అక్క చేసేవి మూడు కోణాలుగా, మసాలా ఘాటుగా ఉంటాయి. ఏవి అసలైనవి?
– ఒక విద్యార్థిని, బ్రిస్బేన్

జవాబు: రెండూ అసలైనవే తల్లీ. పైగా మీ బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు స్కోన్లకి రాజకీయ చరిత్ర కూడా ఉంది. ఆ రాష్ట్రాన్ని 1968 నుంచి 1987 దాకా ఏలిన ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) జో బ్యెల్కి-పీటర్సన్ భార్య ఫ్లో, తాను చేసే గుమ్మడికాయ స్కోన్లతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1981 నుంచి 1993 దాకా ఆవిడ సెనేటర్ కూడా. మీ ఆఫీసులో ఆవిడ తెచ్చినవి ఆ తరహావే. ఉడికించి చల్లార్చిన గుమ్మడి ముద్ద, బేకింగ్ పౌడర్ ముందే కలిసి ఉండే సెల్ఫ్ రైజింగ్ పిండి, కొంచెమే వెన్న, మసాలా ఏదీ లేదు. వెన్న తక్కువ కాబట్టి పొరలు రావు, మెత్తగా వస్తాయి. విడదీసి పైన వెన్న రాసుకు తింటారు. గుమ్మడి రుచి అచ్చంగా తెలియాలంటే నా ఓటు మీ బ్రిస్బేన్ స్కోన్లకే. స్కిల్లెట్‌లో కాల్చడానికి అమెరికా తరహా బాగుంటుంది, ఆ వెన్నకి ఇనుము తగిలినప్పుడు వచ్చే అడుగు కోసం.

ప్రశ్న: ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?
– చాలామంది అడిగారు

జవాబు: కాల్చినవి కాదు, కాల్చనివి దాచండి. కోసిన ముక్కల్ని ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, గాలి చొరని జిప్ సంచిలో వేస్తే నెల దాకా నిలుస్తాయి. కరిగించకుండా నేరుగా స్కిల్లెట్‌లో పెట్టి నాలుగైదు నిమిషాలు ఎక్కువ కాల్చండి. ఫ్రిస్కో సోదరీ, మీరు ఈ శనివారమే ముక్కలు కోసి పెట్టుకుంటే పార్టీ రోజు పొద్దున మీకు మిగిలేది ఓవెన్ వెలిగించడమే. కాల్చినవి మిగిలితే మైక్రోవేవ్ జోలికి పోకండి, తడి పైకి తేలి మెత్తబడతాయి. 300 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు పెడితే మళ్లీ అంచులు కరకరమంటాయి.