చిన్న పార్టీకి 1 వేస్తే ఓటు మురిగిపోతుందా?

ప్రశ్న: మాది కావలి. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు ఉంది. సీపీఎస్ (ఉద్యోగుల కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) రద్దు ఒక్కటే ఎజెండాగా పెట్టుకున్న చిన్న పార్టీ అభ్యర్థి నిలబడితే ఆయనకే వెయ్యాలని నా మనసు. కానీ ఆయన ఎటూ గెలవడు, ఆయనకు వేస్తే నాకు బొత్తిగా గిట్టని మనిషి గట్టెక్కుతాడేమోనని భయం. పోనీ రెండో ప్రాధాన్యం ఒక పెద్ద పార్టీకి ఇద్దామంటే, అలా ఇస్తే మొదటి ఓటు బలం తగ్గిపోతుందని తోటి ఉద్యోగి అంటున్నారు. ఏది నిజం?

జవాబు: మీ భయం అసెంబ్లీ ఎన్నికల్లో అయితే సమంజసమే. అక్కడ ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాళ్లే గెలుస్తారు, ఓట్లు చీలితే చీలినట్టే. శాసనమండలి ఎన్నిక అలా కాదు. రాజ్యాంగం 171వ అధికరణం దీనికి ఒకే బదిలీ ఓటు పద్ధతి పెట్టింది. అంటే అభ్యర్థులకు ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేస్తారు, 1 వేసినవాడు పోటీలోంచి తప్పుకుంటే ఓటు తర్వాతి అంకె ఉన్నవాడికి మారుతుంది. లెక్కింపు ఎలా జరగాలో 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతాయి. మీ సహోద్యోగి మాట మాత్రం పూర్తిగా తప్పు.

లెక్క చూడండి. చెల్లిన ఓట్లు 1,000 అనుకుందాం. సీటు ఒకటే గనుక 1,000ని రెండుతో భాగించి ఒకటి కలుపుతారు. గెలవడానికి కావాల్సిన ఆ సంఖ్యే కోటా, ఇక్కడ 501. మొదటి ప్రాధాన్యాల్లో క అనే అభ్యర్థికి 420, ఖకు 390, మీ సీపీఎస్ అభ్యర్థి గకు 120, ఘకు 70 వచ్చాయి. ఎవరికీ 501 లేదు. అందరికన్నా తక్కువొచ్చిన ఘను తప్పిస్తారు. ఆయన కట్టలోని 70 కాగితాలు విప్పి తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో చూస్తారు: గకు 30, ఖకు 20, కకు 10, మిగతా పదింటిలో ఇంకేమీ రాయలేదు. ఆ పదీ పక్కకు పోతాయి. ఇప్పుడు క 430, ఖ 410, గ 150. ఇక గ వంతు. ఆయన 150 కాగితాల్లో 95 ఖకు, 25 కకు వెళ్లాయి, 30 అక్కడే ఆగిపోయాయి. ఖ 505కు చేరి గెలిచాడు.

గ ఓడిపోయాడు, నిజమే. కానీ ఆయనకు 1 వేసినవాళ్లే ఫలితాన్ని తేల్చారు. అదే ఆ 95 మంది 1 వేసి ఊరుకుని ఉంటే? క 455, ఖ 410. అప్పుడు ఖను కూడా తప్పిస్తే మిగిలేది క ఒక్కడే, 501 అందకపోయినా ఆయనే విజేత. మీకు గిట్టని మనిషి కనుక క అయితే, ఆయన్ని గెలిపించింది మీరు గకు వేసిన 1 కాదు, ఖకు వెయ్యని 2.

రెండో ప్రాధాన్యం మీ మొదటి అభ్యర్థికి ఏ హానీ చెయ్యదు. ఆయన పోటీలో ఉన్నంతసేపు మీ కాగితం ఆయన కట్టలోనే ఉంటుంది, 2 ఎవరికి వేశారో ఎవరూ చూడరు. ఆయన్ని తప్పించాకే చూస్తారు. అప్పుడూ అది ముక్కలు కాదు, ఒక పూర్తి ఓటుగానే వెళ్తుంది. ఇదేదో పుస్తకాల్లో లెక్క అనుకోకండి. 2023 మార్చిలో మన ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్యాలతో ఎవరికీ కోటా అందక రెండో ప్రాధాన్యాల దాకా వెళ్లింది.

మొదటి ప్రాధాన్యాల అంకె ఊరికే పోదు కూడా. డిపాజిట్ రూ.10,000 దక్కాలంటే కోటాలో ఆరో వంతు దాటాలి. పై లెక్కలో 84 చాలు. సీపీఎస్ మీద ఎంతమంది గట్టిగా ఉన్నారో పెద్ద పార్టీలు చూసుకునేదీ ఆ అంకెనే. అందుకే మనసులో ఉన్నవాడికి 1, గెలిచే అవకాశమున్న ఇద్దరిలో నయమనిపించేవాడికి 2, లేదా 2 ఇంకొకరికి ఇస్తే 3 వెయ్యమని నా సలహా. గిట్టనివాడి గడి ఖాళీగా వదిలెయ్యండి. ఆస్ట్రేలియా దిగువసభలో అందరికీ అంకెలు వెయ్యాల్సిందే, మన దగ్గర 1 ఒక్కటి చాలు.

ఓట్లు చెల్లకుండా పోయేది కాగితం మీద. చదువుకున్నవాళ్లే ఎక్కువ పాడుచేస్తారనిపిస్తుంది, పంచాయతీ ఎన్నికల అలవాటు చేతిలో ఉంటుంది కాబోలు. ఇక్కడ స్వస్తిక్ ముద్ర లేదు, టిక్కు పెట్టకూడదు. బ్యాలెట్‌తోపాటు ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వెయ్యాలి, జేబులో పెన్ను తియ్యకండి. అంకె 1 అయినా, రోమన్ అయినా, తెలుగు ౧ అయినా ఫర్వాలేదు. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే కుదరదు. 1 లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా, రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోయినా మొత్తం ఓటు పోతుంది. సంతకం, వేలిముద్ర, నినాదం లాంటివి మిమ్మల్ని గుర్తుపట్టించేవి గనుక వాటితోనూ అంతే. 2 దగ్గర పొరపాటైతే అంత ప్రమాదం లేదు. ఇద్దరికి 2 వేసినా, 2 వదిలి 3 వేసినా 1 చెల్లుతుంది, అక్కణ్ణించి ముందుకు మాత్రం కదలదు. బాక్సులో వెయ్యకముందే పొరపాటు గమనిస్తే, కాగితాన్ని ప్రిసైడింగ్ అధికారికి తిరిగిచ్చి మరొకటి అడగండి.

ఇంకొకటి. అభ్యర్థులు చాలామంది ఉన్నప్పుడు ఎవరైనా చీటీ ఇచ్చి 'ఈ వరుసలోనే వెయ్యండి' అని ఎనిమిదీ పదీ అంకెల దాకా చెబితే జాగ్రత్త. అంత పొడవైన వరుస ఇంకొకరి కాగితంలో అచ్చంగా రావడం అరుదు, లెక్కింపు బల్ల దగ్గర ఏజెంటు చూస్తే మీదేనని పోల్చుకోగలడు. ఇది రహస్య ఓటు. ఏ పార్టీ చీటీకీ మీరు కట్టుబడక్కర్లేదు.

2023లో గెలిచినవారి పదవీకాలం ఆరేళ్లు, అంటే మళ్లీ ఎన్నిక 2029లో. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారుచేస్తారు, కిందటిసారి పేరుంది కదా అని ఊరుకుంటే పోలింగ్ రోజు వెనక్కి రావాల్సిందే. నియోజకవర్గంలో నివాసం ఉండి, జాబితా తయారుచేసే ఏడాది నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవాళ్లు ఫారం 18 ఇవ్వాలి. ఉపాధ్యాయుల స్థానానికి ఫారం 19 వేరే.