బూస్ట్‌లోనే ఆయిల్ కారుతోందా? గేర్ బాక్స్ దింపే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి బోరింగు చేయించి రింగులు, బేరింగులు, సీళ్లు అన్నీ కొత్తవి వేయించారు. ఐడిల్‌లో చుక్క కూడా పడదు. హైవే మీద బూస్ట్ (టర్బో ఒత్తిడితో ఇంజిన్‌లోకి తోసే గాలి) వచ్చేలా నడిపి ఆపితే మాత్రం ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య నుంచి ఆయిల్ కారుతోంది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక సీలు ఒకసారి మార్చినా ఆగలేదు. మళ్లీ గేర్ బాక్స్ దింపాలా అని అడుగుతున్నారు.

అప్పుడే దింపకండి. ఐడిల్‌లో ఆగి బూస్ట్‌లో కారుతోందంటే సీలు కంటే ముందు అనుమానించాల్సింది ఇంజిన్ లోపలి ఒత్తిడిని. నా టర్బో పెట్రోల్ కారుకీ ఓవర్‌హాల్ అయ్యాక అచ్చం ఇదే వచ్చింది. గ్యారేజీలో చూసినవాళ్లంతా సీలు సీలు అన్నారు. చివరికి దొరికిన దొంగ బొటనవేలంత పీసీవీ వాల్వు, అంటే ఇంజిన్ లోపల చేరే గ్యాసును బయటికి వదిలే ఒకవైపు వాల్వు.

రింగులు ఎంత బాగున్నా కాలిన గ్యాసు కొంత పిస్టన్ పక్కనుంచి కిందికి దిగుతూనే ఉంటుంది. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారే, అదే. అది బయటపడడానికి టర్బో పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి పీసీవీ వాల్వు మీదుగా ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోకి. ఐడిల్‌లో అక్కడ వ్యాక్యూమ్ ఉంటుంది కాబట్టి గ్యాసును లాగేసుకుంటుంది. రెండోది ట్యాపెట్ కవర్ నుంచి బయల్దేరి, ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్యనున్న పైపులో కలిసే బ్రీదర్ గొట్టం. టర్బో గాలి నెట్టడం మొదలెట్టగానే మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పోయి ఒత్తిడి వస్తుంది. అప్పుడు పీసీవీ వాల్వు మూసుకోవాలి, గ్యాసంతా రెండో దారిన పోవాలి. మూసుకోకపోతే బూస్ట్ గాలి తిరగబడి నేరుగా క్రాంక్‌కేస్‌లో (క్రాంకు తిరిగే ఇంజిన్ అడుగుభాగంలో) దూరుతుంది. క్రాంకు సీలు చేసే పని ఆయిల్‌ని ఆపడం, అంత గాలిని ఆపడం దాని వల్ల కాదు. నిన్న వేసిన సీలైనా కారుతుంది.

నా బండిలో మొదటి ఆనవాలు డిప్‌స్టిక్ దగ్గర దొరికింది. గట్టిగా నడిపి వచ్చి బానెట్ ఎత్తితే దాని పిడి అర అంగుళం పైకి లేచి ఉంది. గొట్టం మూతి చుట్టూ సన్నటి ఆయిల్ తుంపర. వెంటనే వాల్వు విప్పి, శుభ్రం చేసి, చిన్న రబ్బరు గొట్టం తగిలించి ఊదాను. క్రాంక్‌కేస్ వైపు నుంచి ఊదితే గాలి వెళ్లాలి, మ్యానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగాలి. నాది రెండు వైపులా హాయిగా పోయింది. ఊపితే టకటకమంటోంది కాబట్టి వాల్వు బాగుందనేవాళ్లున్నారు. ఆ పరీక్షను నేను నమ్మను. లోపలి ముక్క కదులుతోందని మాత్రమే ఆ చప్పుడు చెబుతుంది, గాలి ఆపుతోందని కాదు. నాకొచ్చిన గ్యాస్కెట్ కిట్‌లో ఈ వాల్వు లేదు, గ్యారేజీలో పాతదే తిరిగి బిగించారు. మీ బిల్లులో అది ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండో గొట్టాన్ని కూడా విప్పి లోపల మడ్డి పేరుకుందా, ఎక్కడైనా నలిగిందా, తిరగేసి తగిలించారా చూడండి.

ఊహతో పని లేకుండా కొలవడానికి పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకి కట్టి, సగం దాకా నీళ్లు పోసి, ఒక కొసను డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా బిగించండి. ఐడిల్‌లో నీళ్లు కాస్త ఇంజిన్ వైపు లాగాలి. అంటే లోపల కొద్దిపాటి వ్యాక్యూమ్ ఉందన్నమాట. బూస్ట్‌లో చూడాలంటే గొట్టం పొడుగ్గా తీసుకుని కారు లోపలికి తెచ్చి, పక్కన కూర్చున్న మనిషిని చూడమనండి, నడిపేవాళ్లు చూడకూడదు. ఒక పీఎస్ఐ అంటే దాదాపు 70 సెంటీమీటర్ల నీటి ఎత్తు. వాల్వు పోయి ఉంటే నీళ్లు ఎగిరి సీటు మీద పడతాయి, రెండో కొసను సీసాలో పెట్టండి.

వాల్వు, గొట్టాలు బాగున్నా ఒత్తిడి తగ్గకపోతే రింగుల సంగతి చూడాలి. హోనింగ్ చేసిన కొత్త బోరులో రింగులు కూర్చునేదాకా బ్యాక్ కంప్రెషన్ కొంచెం ఎక్కువే ఉంటుంది, దానికి కంగారు అక్కర్లేదు. లీక్‌డౌన్ టెస్టులో (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత శాతం జారిపోతోందో చూసే పరీక్షలో) 10 శాతం లోపు వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. 20 దాటి, ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమని వినిపిస్తే మాత్రం గేర్ బాక్స్ గొడవ వదిలి బోరు చేసినవాళ్లతో మాట్లాడండి.

ఒత్తిడి మామూలుగానే ఉంటే, కారేది వెనక సీలేనా అన్నది తేల్చుకోండి. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది, అందుకే ఇంకెక్కడో కారినా చివరికి గేర్ బాక్స్ దగ్గర చుక్క పడొచ్చు. ఇంజిన్ మొత్తం డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టి, ఆయిల్‌లో యూవీ డై కలిపి కొంతదూరం నడిపి, చీకట్లో యూవీ లైటుతో పైనుంచి కిందికి చూస్తూ రండి. ట్యాపెట్ కవర్ వెనక మూలలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, టర్బోకి ఆయిల్ తెచ్చే పైపు దగ్గరి రాగి వాషర్లు, ఆయిల్ ఫిల్టర్ బిగించే చోట అంటుకుపోయి మిగిలిన పాత రబ్బరు రింగు ఇక్కడ ఎక్కువగా పట్టుబడతాయి.

టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే పైపును విడిగా చెప్పాలి. అందులో ఆయిల్ బరువుకే దిగాలి, వెనక నుంచి తోసే పంపేమీ లేదు. పైపు వంగినా, ప్యాకింగ్ దగ్గర రాసిన సిలికాన్ లోపలికి ఉబికి దారి మూసినా, క్రాంక్‌కేస్ ఒత్తిడి ఎదురు తన్నినా ఆయిల్ టర్బోలోనే నిలిచిపోతుంది. అక్కడుండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగు తరహావి. ఆయిల్ నిండితే ఎగ్జాస్ట్‌లోకో ఇంటర్‌కూలర్‌లోకో (టర్బో గాలిని చల్లబరిచే భాగం) వదిలేస్తాయి. సైలెన్సర్‌లో నీలిపొగ కూడా కనబడుతుంటే ఈ పైపుని ముందు విప్పించండి. టర్బో వేడిభాగం మీద ఆయిల్ చుక్కలు పడుతున్నట్టు కనిపిస్తే బండి బయటికి తీయకండి, మంటలు లేవొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా గేర్ బాక్స్ దింపక తప్పకపోతే, క్లచ్, ఫ్లైవీల్ తీయించి దగ్గరుండి చూడండి. కొన్ని ఇంజిన్లలో ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు క్రాంక్‌కేస్ లోపలికి తెరుచుకుని ఉంటాయి. వాటి మరలకి సీలెంట్ రాయకపోతే ఆయిల్ అక్కడి నుంచే వచ్చి, సీలుదే తప్పన్నట్టు కనబడుతుంది. బ్లాకు కడిగేటప్పుడు తీసిన ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపల ఆయిల్ పారే దారి) ప్లగ్గులు వెనకవైపు ఉంటే అవీ సరిగా కూర్చున్నాయేమో చూడాలి. సీలు టెఫ్లాన్ రకమైతే ఆయిల్ రాయకుండా పొడిగానే వేయాలి. అలవాటు కొద్దీ దానికీ ఆయిల్ పూసి వేసేవాళ్లు చాలామంది. సీలు తగిలే చోట క్రాంకు మీద గోరు పెట్టి అటూ ఇటూ లాగండి. గోటికి గాడి తగిలితే పాత కొలతలో మరో సీలు దండగ, క్రాంకుకి స్లీవ్ తొడిగించి దానికి సరిపడే సీలు వేయించండి.