డాక్టర్ సలహా: ఒకటి సరిపోక రెండు మాత్రలు!

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఒక్కణ్నే ఉంటాను. కవిత్వం రాస్తాను. నాలుగు నెలల క్రితం నా ప్రాణస్నేహితుడికీ మా చెల్లికీ పెళ్లయింది. ఏం రాసినా ముందు వాడికే వినిపించేవాణ్ని. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్నవాడు ఇప్పుడు ‘బావగారూ’ అంటున్నాడు. ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తోచదు. రాయలేకపోతున్నా. నిద్ర లేదు, నాలుగు కిలోలు తగ్గాను. నిద్ర కోసం మెడికల్ షాపులో ఆల్ప్రజోలం 0.5 మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నా. ఈమధ్య రెండు వేసుకుంటేగానీ నిద్ర పట్టడం లేదు. మా స్నేహం మళ్లీ మునుపటిలా అవుతుందా?

జవాబు: స్నేహం గురించి అంత రాసి, మాత్ర సంగతి చివర్లో తేల్చేశారు. నాకు భయమేసింది అక్కడే. ఒకటి రెండయిందంటే ఒళ్లు మందుకు అలవాటు పడుతోందని అర్థం. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్‌1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో రాయాలి. అయినా దొరుకుతోంది, మీరూ కొంటున్నారు. స్ట్రిప్పు చూపించి ‘ఫ్రెండ్ ఇచ్చాడు డాక్టర్’ అనేవాళ్లు నా దగ్గరికీ వస్తారు. అందరూ చదువుకున్నవాళ్లే!

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వేసుకునే మందు ఒక్కసారిగా ఆపితే గుండెదడ, వణుకు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్కలో, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. మద్యం గురించి మీరు రాయలేదు. అలవాటుంటే మాత్రం ఈ మాత్రతో అస్సలు వద్దు, ఊపిరి మందగిస్తుంది.

నిద్ర, ఆకలి, ఇష్టమైన పని మీద ఆసక్తి రెండు వారాలకు మించి తగ్గితే డిప్రెషన్ ఉందేమో చూడాలి. మిమ్మల్ని చూడకుండా నేను తేల్చలేను. బరువు తగ్గారు కాబట్టి థైరాయిడ్, షుగర్ పరీక్షలూ చేయించండి, అన్నీ పెళ్లి మీదకే నెట్టేయలేం. హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కో, దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గరకో ఈ వారమే వెళ్లండి. స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మీరడిగిన స్నేహం నా సబ్జెక్టు కాదు. కొత్త కాపురం, నాలుగు నెలలేగా అయింది. కానీ మాత్ర తగ్గించే రోజుల్లో ఒంటరిగా ఉండేవాళ్ల సంగతి ఎవరో ఒకరికి తెలిసుండాలి. ఏం మాట్లాడాలో తోచడం లేదన్నారు కదా, మీ స్నేహితుడికి ఇదే చెప్పండి. రోజూ పడుకునే ముందు ఒక ఫోన్ చేయమనండి.